చిన్న స్కోపు, పెద్ద సలహా

పక్షుల్ని దూరం నుంచి చూసే స్పాటింగ్ స్కోపు ఏది కొనాలో తేలక కొన్నాళ్లుగా నాకు మనసు మనసులో లేదు. పెద్దదాంట్లో బాగా కనిపిస్తుంది, కానీ చేపల చెరువుల గట్ల మీద మోసుకు తిరిగితే భుజాలు లాగేస్తాయి. అందుకే ఈ రోజు బందరులో స్నేహితుడి దగ్గరున్న చిన్నది అడిగి తీసుకుని కృత్తివెన్ను వెళ్లాను.

గట్టు మీద స్టాండు నిలబెట్టగానే దూరంగా చేపలు తినే గూడబాతుల (పెలికాన్ల) గుంపు దొరికింది. ఇంతలో చెరువుల యజమాని వచ్చి, "ఓసారి నన్నూ చూడనివ్వండి" అన్నారు. చూశారు. వెంటనే కాపలా మనిషికి ఫోన్ చేసి, "చివరి చెరువులో దిగాయిరా, టపాకాయలు పేల్చు" అన్నారు. గుంపంతా లేచిపోయింది.

"భలే ఉందండీ, బరువే లేదు. రోజూ గట్లెంట తిరిగేవాణ్ణి, నేనూ ఒకటి కొంటాను. ఏది తీసుకోమంటారు?" అని అడిగారు.

చేపలు ఆయనవి, నష్టమూ ఆయనదే. అయినా నా నోట్లోంచి, "అన్నిటికన్నా బరువైనదే మంచిదండీ" అని వచ్చేసింది.

ఇంటికొచ్చిన దగ్గర్నుంచీ కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాను. నేను చేసింది తప్పంటారా? అది తేలకముందే ఇంకో దిగులు పట్టుకుంది. ఆయన భుజాలు నావాటికి రెండింతలున్నాయి, పైగా పెద్ద స్కోపులో పక్షులు ఇంకా దూరం నుంచే కనిపిస్తాయి.