మామ కత్తికి పట్టిన జంగు

మా మామ పోయాడని ఫోన్ వచ్చినప్పుడు నేను చంపాపేట్‌లో కూరగాయలు కొంటున్నాను. ఛాతీలో నొప్పి అంటే దవాఖానకు తీసుకెళ్లారట, లోపలికి చేరేలోపే అంతా అయిపోయిందట. ఎల్‌బీ నగర్‌లో ఆంధ్రా బస్సులు ఆగే చోట కొబ్బరిబోండాలు అమ్మే మనిషిని మీలో కొందరు చూసే ఉంటారు. తొందరలో ఆయన ముఖం గుర్తుండకపోవచ్చు. కత్తి మాత్రం గుర్తుంటుంది.

ఆయన మా అమ్మకు తమ్ముడు. నల్గొండ దిక్కు నుంచి బతకడానికి వస్తూ, లారీ కమాను పట్టీతో కొట్టించిన ఆ కత్తిని వెంట తెచ్చుకున్నాడు. స్టీలు కత్తి కొనుక్కుంటే ఈ జంగు, తుప్పు బాధ ఉండదు కదా అంటే, అది కోయదు, నలుపుతుంది అనేవాడు. నాలుగు కాయలు కొట్టగానే భుజం మీది పొడిగుడ్డతో కత్తిని బర్రున తుడిచేవాడు. వాన మొదలైతే ముందు దాన్ని తుడిచి డబ్బాలో పెట్టేవాడు, ఆ తర్వాతే తన తల సంగతి. ఇంటికొచ్చాక దానికి కొబ్బరినూనె పూసేవాడు. నా తలకన్నా దాని ఒంటికే నూనె ఎక్కువ ఖర్చవుతోందని అత్త దెప్పేది.

కత్తి నల్లగా అయిపోయిందేమిటి మామా అని ఒకసారి అడిగాను.

"నల్లబడితె భయం లేదు, అది దాని చర్మం. ఎర్రబడితెనే పరేషాన్," అన్నాడు.

దసరాకు కూడా అంతే. అందరూ పసుపు నీళ్లలో కలిపి పూస్తే, ఆయన నూనెలో కలిపి ఒక్క బొట్టు పెట్టేవాడు. సాయంత్రానికల్లా అదీ తుడిచేసేవాడు. దేవుడికి కోపం రాదా అంటే, దేవుడికి నేను చెప్పుకుంటాలే, ఇనుముకు చెప్పలేను అనేవాడు. అలాంటి మనిషి మళ్లీ దొరకడు. నాకు ఇప్పటికీ దుఃఖం ఆగదు.

ఆయన పోయాక అత్త ఆ కత్తిని ఫోటో ముందు పెట్టింది. తడి పసుపు పూసి, కుంకుమ పెట్టి, రోజూ నీళ్లు కారే పూలు వేసేది. ఎవర్నీ ముట్టనివ్వలేదు. ఒకరోజు పూలు పక్కకు జరిపి చూస్తే కింద ఇనుమంతా ఎర్రగా పొక్కులు లేచి ఉంది. తుడుస్తానని గుడ్డ అందుకున్నాను. అత్త నా చెయ్యి పట్టుకుంది.

"నాకు ఎరికే బిడ్డా. దానికి తడి తగిలిందని పొద్దు గూకంగనే మీ మామ ఒస్తుండు. గుడ్డతోని తుడిసే సప్పుడైతది. నువ్వు తుడిస్తె ఇగ రాడు."

నేను నవ్వలేకపోయాను. ఆ సాయంత్రం వంటింట్లో ఉన్న నాకు కూడా, బర్రుమని ఒకసారి వినిపించింది.

మొన్న వెళ్లేసరికి అత్త గుమ్మం దగ్గర కూర్చుని ఉంది. ఒడిలో కత్తి, పక్కన నూనెగిన్నె, ఇటుకపొడి. తుడవమని ఎవరు చెప్పారని అడిగాను.

"ఎవ్వరు చెప్పలె. ఎన్ని దినాలని తిప్పుత ఆయనను? అలిసిపోతుండు."

నలుపు తేలేదాకా రుద్దింది, పొడిగుడ్డతో తుడిచింది, నూనె పూసింది. పొద్దు గూకింది. ఏ చప్పుడూ లేదు. ఎర్రటి వేళ్లు ఒడిలో పెట్టుకుని అత్త ఖాళీ గదిలోకే చూస్తూ కూర్చుంది. లేచి లైటు వేయడానికి నాకు చేతులు రాలేదు.