మంచిగున్ననాడే కనిపించిన మనిషి

శ్రీరాంపూర్ నుంచి మా పెద్దబాపు చనిపోయాడని కబురొచ్చింది. సంతకు పోయొచ్చి పడుకున్నవాడు లేవలేదట. కబురు తెచ్చినాయన "నిన్ననే సంతల కనవడ్డడు, మంచిగనే ఉండె గదా" అన్నాడు. నాకు ఒళ్లు మండింది. పెద్దబాపును ఇన్నేళ్లూ కాల్చుకు తిన్నది ఆ మాటే.

బొగ్గుబాయిలో టబ్బులు నింపే పని ఆయనది. ఒక వానాకాలం క్వార్టర్లన్నిటికీ జ్వరమొచ్చింది. అందరూ లేచారు. ఆయనకు జ్వరం పోయింది గాని సత్తువ తిరిగి రాలేదు. రక్తం, ఎక్స్‌రే అన్నీ బాగున్నాయన్నారు. ఒక షిఫ్టు చేస్తే వారమంతా మంచమే. "మంచిగున్ననాడే అందరికి కనవడ్త బిడ్డా. పడ్డనాడు గోడలే చూస్తయి" అనేవాడు. ఆ ఒంటితోనే ఇంటి ముందు మోరీ కాలువ గట్టు మీద కూర్చుని, కేకలేస్తూ నాకు సైకిల్ నేర్పాడు.

మా దగ్గర తండ్రి పనికి అన్‌ఫిట్ అని మెడికల్ బోర్డు రాస్తే, కంపెనీ కొడుక్కి నౌకరీ ఇస్తుంది. దానికోసం లేని దగ్గు దగ్గేవాళ్లూ ఉండేవారు. పెద్దబాపు కొడుకు, మా అన్న, ఖాళీగా తిరుగుతున్నాడు. ఇంకేముంది, పెద్దబాపుది నాటకమని వాడకట్టంతా తేల్చేసింది. పనికి పోతే పడిపోతాడు, పోకపోతే దొంగ. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

మెడికల్ బోర్డుకు పోయేనాడు గడ్డం గీసుకుని, ఇస్త్రీ అంగీ తొడిగాడు. "జర నీరసంగ పోరాదు" అని పెద్దమ్మ మొత్తుకుంది. "దొరల ముందటికి పీనుగోలె పోతమా?" అన్నాడు. కూర్చోమన్నా కూర్చోలేదట, నిలబడే జవాబులు చెప్పాడట. ఫిట్ అని రాశారు. ఇంటికొచ్చి పడ్డాక చాలా రోజులు పెద్దమ్మ చెంచాతో గంజి పోసింది.

తర్వాతెప్పుడో కరీంనగర్‌లో ఒక డాక్టరు దగ్గరికి నేనే తీసుకుపోయాను. "కొందరికి జ్వరం పోయినా ఒంట్ల కణాలు కోలుకోవు. మనం పీల్చే ప్రాణవాయువే లోపల శక్తి తయారయ్యే తావును దెబ్బతీస్తదేమో, ఇనుముకు తుప్పు పట్టినట్టు. ఇంకా ఖాయంగ తెల్వదు, మందు కూడ లేదు" అన్నాడాయన. పెద్దబాపు ముఖం వెలిగింది. "అబద్ధం కాదంటివి గద సారూ, గంతే చాలు" అన్నాడు. నాకు ఏడుపొచ్చింది.

నేను పోయేసరికి వాడకట్టంతా ఇంటి ముందు నిలబడి ఉంది. పెద్దబాపును ఇంకా బయటికి తీసుకురాలేదు. పెద్దమ్మ గడప దగ్గరికొచ్చింది. "ఆయన పడ్డనాడు ఒక్కలన్న వచ్చి చూసిండ్రా? ఇయ్యాల రాండ్రి, లోపటికి రాండ్రి" అంది.

తలలు వంచుకుని ఒక్కొక్కరే లోపలికి పోయారు. చిన్న గది నిండిపోయింది. మంచం చుట్టూ ఒదిగి నిలబడి, ఆయనకు ఎక్కడ నిద్రాభంగమవుతుందో అన్నట్టు మెల్లగా మాట్లాడుకున్నారు.