ఒక్క గీత

అరకులో మా కిరాణా కొట్టు దగ్గరి ఆసుపత్రిలో రక్తపరీక్షలు చేసే అక్క "రోగం లేదు" అని చెప్పగా నేనెప్పుడూ వినలేదు. రోగముంటే కిట్టు మీద రెండు గీతలు పడతాయి. ఒక్క గీతే పడితే, కిటికీ వెలుగులో తిప్పి తిప్పి చూసి, "దీనికి కనపడలేదు" అనేది. ఆ మాటంటే నాకు ఒళ్లు మంట.

మా గుంటకి, అదే నా కూతురికి, డెంగీ అనుమానం వచ్చిన రోజూ అదే మాట.

"ఉందో లేదో ఒకటి సెప్పక్కా. కొట్టు మూసి వచ్చేను," అన్నాను.

"వైరస్ రూపు మార్సుకుంటాదమ్మా. కిట్టుకి పాత రూపే తెలుసు. గుంట కళ్లెత్తలేకపోతంది, ఇంటికి తీసుకెళ్లకు."

పాపని చేర్పించి, రక్తం విశాఖకి ఆవిడే పంపింది. డెంగీ అని కబురొచ్చేసరికి పాప లేచి కూర్చుని గంజి తాగుతోంది.

మరుసటేడు ఆవిడకే జ్వరమొచ్చింది. కిట్టు మీద ఒక్క గీత.

"ఏటీ లేదక్కా," అన్నాను.

నావైపు జాలిగా చూసి, బట్టల సంచి పట్టుకుని, పెద్దాసుపత్రికని విశాఖ బస్సెక్కింది. వెంట వెళ్లిన నేను బస్సు కదిలేదాకా అక్కణ్ణుంచి కదల్లేదు.

"కొట్టు మూసి వచ్చేవా?" అంది కిటికీలోంచి.