ఒక్కసారే అడిగిన అత్తమ్మ

నా చిన్నప్పుడు మా ఇంట్లో ఎవరేమిచ్చినా ముందు వద్దనాలి. రెండోసారి కూడా వద్దనాలి. మూడోసారి వాళ్లు బలవంతపెడితే, అమ్మ ముఖం వైపు ఒకసారి చూసి అప్పుడు అందుకోవాలి. అడగ్గానే తలూపితే కరువులో పుట్టిన పిల్లలనుకుంటారని అమ్మ భయం. మోత్కూర్ దగ్గర పల్లెలో గొర్రెలు కాచుకుని బతికే ఇల్లు మాది. నిజంగానే ఏదీ మిగిలేది కాదు గనుక ఆ భయం ఇంకాస్త ఎక్కువ.

తెలంగాణ వచ్చిన కొత్తలో మా బాపు చెల్లెలు, మా అత్తమ్మ, ఇంగ్లీషు చదవడానికి స్కాలర్‌షిప్ మీద విదేశానికి వెళ్లింది. ఇంగ్లీషు పాలమూరులో దొరకదా, దానికోసం విమానమెక్కాలా అని మా అవ్వ ఏడాది పొడుగునా గొణిగింది. ఏడాది తర్వాత, ఎండాకాలంలో, అత్తమ్మ తిరిగొచ్చింది. మహబూబ్‌నగర్‌లో అంటే అదే పాలమూరులో ఒక బడిలో ఉద్యోగం కుదిరిందని, చేరే ముందు మూడు రోజులు మాతో ఉంటానని చెప్పింది.

ఆమె చదివింది పెద్ద పట్నంలో కాదట. మన చౌటుప్పల్ కంటే చిన్నదట. వందల ఏళ్లనాటి రాతి కాలేజీలు, ఇరుకు సందులు, ఆ సందుల నిండా సైకిళ్ల మీద విద్యార్థులు. ఒక ముసలామె ఇంట్లో గది కిరాయికి తీసుకుంది. మొదటి సాయంత్రం ఆ ముసలామె తినడానికి పిలిస్తే అత్తమ్మ మర్యాదగా వద్దంది. ఆమె సరేనని తన మటుకు తాను తిని గిన్నెలు కడిగేసుకుంది. మళ్లీ పిలుస్తుందేమోనని తలుపు ఓరగా తెరిచి కూర్చున్న అత్తమ్మ చివరికి నీళ్లు తాగి పడుకుంది. తరగతిలోనూ అంతే. ఎవరు పైకి చదువుతారని సారు అడిగితే తల దించుకునేది. ఆయన బతిమాలకుండా పక్కవాళ్ల దగ్గరికి పోయేవాడు.

"గంత దూరం పోయి నెల దినాలు మూగదాన్నైన" అని ఆమె చెబుతుంటే అందరం నవ్వాం. నేనే ఎక్కువ నవ్వాను.

మా ఊళ్లో బడి ఐదో తరగతి వరకే. నాది అయిపోయింది. ఇక గొర్రెల వెంట పంపుదామని ఇంట్లో మాటలు నడుస్తున్నాయి. ఆమె వచ్చిన మర్నాడు పొద్దున నా జడ వేస్తూ అడిగింది. "నాతోని పాలమూరు వస్తవా? ఆడ చదువుకుందువు."

నా గుండె ఎగిరి గంతేసింది. నోరు మాత్రం "వద్దత్తమ్మా" అంది.

"సరే తియ్" అని ఆమె జడ ముడివేసి లేచి వెళ్లింది.

ఆ రోజంతా ఆమె కళ్లముందే తిరిగాను. అడక్కుండానే నీళ్లిచ్చాను, చెప్పులు తెచ్చిపెట్టాను. ఆమె నన్ను మెచ్చుకుంది తప్ప ఆ ఊసే ఎత్తలేదు. తెల్లారేసరికి నాకు ఒళ్లు మండిపోయింది. మనసులో ఏముందో తెలుసుకోలేనిది ఈమేం చదువుకుంది? ఇన్ని చదువులు చదివి, మనవాళ్ల మర్యాద కూడా మరిచిపోయిందా? చివరికి అమ్మే ఉండబట్టలేక పోయి అడిగింది. పిల్ల నోట్లోంచి వచ్చిన మాట వేరు, మనసులో ఉన్నది వేరు, ఇంకోపారి అడగరాదా అని. అత్తమ్మ నా ముందే జవాబిచ్చింది. "అడిగిన గద వదినె. వద్దన్నది. ఇగ దాని ఇష్టం."

వెళ్లే రోజు పొద్దున ఆమె బ్యాగు మోసుకుంటూ బస్సు దాకా వెళ్లాను. నా మీద నాకే అసహ్యం, ఆమె మీద అంతకంటే పెద్ద కోపం. బస్సు వచ్చింది. ఆమె ఎక్కి కిటికీ పక్కన కూర్చుంది. కండక్టరు విజిల్ వేశాడు. బస్సు కదిలాక నాలో ఏదో తెగింది. పక్కనే పరుగెత్తుతూ, ఊరివాళ్లంతా చూస్తుండగా, గొంతు చించుకుని అరిచాను. "నేనొస్త అత్తమ్మా. నాకు చదువుకోవాల్నని ఉంది."

బస్సు ఆగింది. అత్తమ్మ దిగొచ్చింది. ముద్దు చేయలేదు, కళ్లు తుడవలేదు. "గా మాట మొన్ననే అంటే మీ అమ్మకు గింత పరేషాన్ ఉండకపోవు. నడువు, బట్టలు సదురుకో. పన్నెండు గంటల బస్సుకు పోదాం" అంది.

చాలా ఏళ్లకు, నేను డిగ్రీ ముగించాక, ఒకసారి అడిగాను. ఆ రోజు నేను అరవకపోయి ఉంటే ఏం చేసేదానివని. వెనక్కి వచ్చేదాన్నని అంటుందని ఆశ. "పోయేదాన్ని" అంది, బియ్యంలో రాళ్లేరుతూ, తలైనా ఎత్తకుండా. ఆ మాటకు నాకు ఇప్పటికీ కోపమే.

ఇప్పుడు నేనూ పిల్లలకు ఇంగ్లీషు చెబుతున్నాను. నాకు కావలసింది ఎవరైనా అడిగితే, అడిగిన మాట పూర్తి కాకముందే కావాలంటాను. కరువులో పుట్టాననుకుంటే అనుకోనీ. కానీ వెనక బెంచీలో తల దించుకున్న ఆడపిల్లను ఎవరు చదువుతారని అడిగినప్పుడు మాత్రం ఒక్కసారికి వదలలేను. రెండోసారి అడుగుతాను, మూడోసారి దగ్గరికి పోయి అడుగుతాను. పిల్లలను చెడగొడుతున్నావని అత్తమ్మ విసుక్కుంటుంది. బస్సు వెంట పరుగెత్తింది ఆమె కాదు.