ముత్తమ్మ తెచ్చిన మొర్రిపండ్లు

నిన్న ఖమ్మం బజారులో లోక్వాట్ అనే పసుపుపచ్చటి కొత్తరకం పండ్లు కొని తిన్నాను. ఆ పులుపూ తీపీ నాలుకకు తగలగానే అడవిలో కాసే చిన్న నల్లటి మొర్రిపండ్లు గుర్తొచ్చాయి. ఈ అడవి పక్క ఊళ్లలో పెరిగిన మన ఈడువాళ్లంతా ఎండాకాలంలో మోదుగాకు డొప్పల్లో తిన్నవే కదా!

మేం కోస్తా నుంచి జూలూరుపాడు వచ్చిన కొత్తలో, పక్క గూడెం ముత్తమ్మ డొప్ప నిండా మొర్రిపండ్లు తెచ్చిచ్చింది. అమ్మ నవ్వుతూ తీసుకుంది. ఆమె అటు వెళ్లగానే, "ఏం కాయలో ఏమో, పిల్లలకు వాంతులవుతాయి" అంటూ పెంటకుప్ప మీద పోసింది. మరిచిపోయిన కొడవలి కోసం వెనక్కి వచ్చిన ముత్తమ్మ అది చూసింది.

"తినకుంటే మానె గానీ గింజలు పారెయ్యకక్కా. పగలగొడితే సారపప్పొస్తది, పాయసంల ఏస్కోవచ్చు" అని వంగి ఏరసాగింది. అమ్మ తలెత్తలేక తనూ ఏరింది. ఆ పూట అన్నం ముట్టలేదు.

మరుసటి వేసవిలో ముత్తమ్మ ఒలిచిన సారపప్పు మాత్రమే తెచ్చింది.

"పండ్లు తేలేదా?" అడిగింది అమ్మ.

"మీరు తినరు గదక్కా."

ఆమె మామూలుగానే అన్న ఆ మాటను అమ్మ తట్టుకోలేకపోయింది. చెప్పులేసుకుని, "చెట్టెక్కడుందో చూపించు, పద" అంటూ ఆమె వెంట అడవికి నడిచింది. సాయంత్రం పెదాలు నల్లగా చేసుకుని తిరిగొచ్చింది. మమ్మల్ని దగ్గరికి పిలిచి, కొంగున మూటగట్టిన పండ్లు ఒక్కొక్కటే నోట్లో పెట్టింది.