రాజుగారి బిళ్ళ

మే నెల మధ్యాహ్నాల్లో గోదావరిఖనిలో ఎవరూ పూర్తిగా మెలకువగా ఉండరు. కూలర్ హోరులో, సగం నిద్రలో, నేను ఈజిప్టు రాజుల రాత నేర్చుకున్నాను. పట్నం మ్యూజియంలో తీసుకున్న ఒక ఫొటోయే నా పాఠం. తల లేదు, కాళ్లు లేవు, బొగ్గులా నల్లని రాతి విగ్రహం నడుము ముక్క. దాని వెనక తాడు చుట్టినట్టు కోడిగుడ్డు ఆకారంలో ఒక గీత, అందులో రాజు పేరు. పక్కన చెక్కిన బాతు ఎటు చూస్తుంటే అటువైపు నుంచి చదువుకుంటూ రావాలి. గీత లోపల మూడు బొమ్మలు: సూర్యుడు, గళ్ల ఆటబల్ల, పేడపురుగు. సూర్యుడు దేవుడు కనుక ముందు చెక్కుతారు, పలకడం మాత్రం చివర్లో. ఇది తెలియక వారం రోజులు రాజును తలకిందులుగా పిలిచాను. పాపం, ఆయన ఏమీ అనలేదు.

ఇంట్లో నన్ను అసలు పిలవని మనిషి మా బాపు. ఆయన ఉద్యోగమంతా గని ల్యాంపురూంలోనే గడిచింది. కిందికి దిగేవాళ్లు తమ నంబరున్న ఇత్తడి బిళ్ళ ఇచ్చి దీపం తీసుకుంటారు, పైకొచ్చాక దీపం ఇచ్చి బిళ్ళ తీసుకుంటారు. మేకుకు బిళ్ళ వేలాడుతోందంటే మనిషి ఇంకా భూమి లోపలే ఉన్నట్టు. షిఫ్టు అయిపోయినా, ఆ బిళ్ళ కదిలేదాకా బాపు ఇల్లు చేరేవాడు కాదు. ఇప్పుడు ఆయనకు మతిమరుపు. పోయిన వానాకాలం నుంచి నా పేరు ఆయన నోట రాలేదు. ఒక్కసారి పిలిస్తే చాలని నా ప్రాణం కొట్టుకునేది.

ఒక మధ్యాహ్నం బాపు నా ఫొటో మీద, సరిగ్గా ఆ గీత మీద వేలు పెట్టాడు.

"గీ బిళ్ళ ఎవల్ది?"

"రాజుది, బాపు."

"పైకచ్చిండా?"

"ఎన్నడో సచ్చిపోయిండు."

"బిళ్ళ ఈడ్నే ఉంది గదా. మనిషి రాంది నేను ఇంటికి పోను."

అన్నం ముట్టలేదు. బతిమాలాను, కసిరాను, కసిరినందుకు ఏడ్చాను. చివరికి ఆయన పక్కన కూర్చుని, బాతు చూస్తున్న వైపు నుంచి, సూర్యుణ్ణి చివరికి ఉంచి, రాజు పేరు గట్టిగా చదివాను.

"అచ్చిండు," అని పళ్లెం దగ్గరికి లాక్కున్నాడు.

వేల ఏళ్ల తర్వాత ఆ రాజు మా గుమ్మంలో దీపం అప్పజెప్పి, ముఖం మీది బొగ్గు తుడుచుకుంటూ వెళ్లిపోయినట్టే అనిపించింది నాకు.

దాంతో ఆశ పుట్టింది. అట్టముక్కను కోడిగుడ్డు ఆకారంలో కత్తిరించి, నా పేరు పెద్దగా రాసి బాపు చేతికిచ్చాను. చదువుతాడనుకున్నాను. చదవలేదు. క్యాలెండర్ మేకుకు తగిలించి, దాని కిందే కుర్చీ వేసుకున్నాడు.

సాయంత్రం బాపును చూస్తుండమని పక్కింటి అక్కకు చెప్పి కూరగాయలకు వెళ్లాను. తిరిగొచ్చేసరికి బాపు ఆ కుర్చీలోనే ఉన్నాడు.

"ఎవలు?"

నా పేరు చెప్పాను. అట్ట మీద వేలు పెట్టి అక్షరం అక్షరం సరిచూసుకున్నాడు. మేకు మీంచి తీసి నా అరచేతిలో పెట్టాడు. ఆయన ముఖం తేటపడింది.

"జల్ది ఇంటికి పో బిడ్డా," అన్నాడు. "మీ బాపు ఎదురుచూస్తుంటడు."