ఎండకు అడ్డం నిలబడ్డ మేనత్త

మా మేనత్త పోయింది. మొన్న నేను బాన్సువాడలో ఆఫీసుకు తయారవుతుంటే బావ ఫోన్ చేసి, "అమ్మ ఇగ లేదు. మామను గూడ తోల్కరా" అన్నాడు. బావ ఆమె కొడుకు. మామ అంటే మా నాన్న, ఆమెకు సొంత అన్న. తొమ్మిదేళ్లుగా చెల్లెలితో మాట్లాడని మనిషి.

ఆమెను శాంతమూర్తి అని రాస్తే ఆమె ఊరు నస్రుల్లాబాద్ అంతా నవ్వుతుంది. చేతికి ఏది దొరికితే దాంతో కొట్టేది. నన్నూ కొట్టింది. ఆ దెబ్బకు రుణపడి ఉన్నాను కాబట్టే ఇది రాస్తున్నాను.

మా ఇళ్లలో మేనరికమే చేస్తారు. మేనత్త కూడా మేనబావనే చేసుకుంది. కొడుకు బాగానే పుట్టాడు. తర్వాత పుట్టిన కూతురికి ఎండ తగిలితే చాలు, ఒళ్లు కమిలిపోయేది. రెండేళ్లకే మొహం నిండా ఆవాలు చల్లినట్టు మచ్చలు. ఎనిమిదేళ్లకు ముక్కు మీద పుండు లేచింది. చర్మ క్యాన్సర్ అన్నారు. హైదరాబాద్ దవాఖానలో మూడుసార్లు కోశారు.

ఒకసారి బిచ్కుంద బస్సులో ఒకామె, "అంటురోగమున్న పోరిని ఎందుకెక్కిచ్చిన్రు?" అని పిల్లను సీట్లోంచి తోసేసింది. మేనత్త చెప్పు తీసి ఆమె పెదవి పగిలేదాకా కొట్టింది. అదే మేనత్త, వరికోత మిషన్ చూడటానికి ఎండలోకి పరిగెత్తిందని కూతురిని చింతబరికె విరిగేదాకా బాదింది. ఆ విరిగిన ముక్కతోనే తన పిక్కల మీద వాతలు తేలేలా కొట్టుకుంది. "ఎండకు మనం సుట్టమా పక్కమా, జాలి పడనీకె!" అని ఏడ్చింది. పిల్ల పదకొండో ఏట పోయింది.

పోకముందే డాక్టరమ్మ తల్లిదండ్రుల రక్తం పరీక్ష చేయించింది. ఎండ చేసిన గాయాన్ని మాన్పే జన్యువు మనిషికి రెండు ప్రతులుగా ఉంటుందట. వీళ్లిద్దరికీ ఒక్కో ప్రతి చెడి ఉంది. ఒకటి చెడితే మనిషికి ఏమీ కాదు. రెండూ చెడ్డవే వస్తే బిడ్డ ఇలా పుడుతుంది. ఇక మీద చుట్టాల్లో సంబంధం అనుకుంటే ముందు పరీక్ష చేయించండని చీటీ రాసిచ్చింది.

నాకూ బావకూ పెళ్లి అనుకున్నప్పుడు మేనత్త ఆ చీటీ తెచ్చి నాన్న చేతిలో పెట్టింది. నాన్న నవ్వాడు. "పిలగానికి మచ్చ లేదు, పిల్లకు మచ్చ లేదు. ఏంది నీ ఫికర్?" నాకూ ఆమె మీద ఒళ్లు మండింది. బావంటే నాకు ప్రాణం.

నిశ్చితార్థం రోజు ఆమె కొడవలితో వచ్చింది. పూలూ పండ్లూ ఉన్న పళ్లేన్ని తన్నింది. నాకు పెట్టబోయిన పట్టుచీరను నిలువునా కోసింది. నాన్న ఆమెను జుట్టు పట్టి ఈడ్చి, నోట్లోంచి రక్తం కారేలా చెంపలు వాయించాడు. ఆమె మూలనున్న రోకలి అందుకుని నాన్న నుదుటి మీద ఒక్కటేసింది. రెండో దెబ్బ అడ్డం పోయిన నా భుజం మీద పడింది. "సంపుతవా అత్తా?" అని అరిచాను.

"నిన్ను సంపితే ఒక్కసారే సస్తవ్. నీ కడుపుల పుట్టే బిడ్డ రోజింత సస్తది. నేను సూసిన. రక్తం ఇయ్యుండ్రి, మంచిగుంటె నేనే తాళి తెస్త!"

నాన్న కుట్లు వేయించుకుంటున్న పూటే నేనూ బావా రక్తం ఇచ్చాం. ఇద్దరిలోనూ అదే లోపం బయటపడింది. మాకు పుట్టే ప్రతి బిడ్డకూ నాలుగింట ఒక వంతు ఆ గండం ఉందన్నారు. బావ గోడకు తల బాదుకున్నాడు. నేను ఏడాది మేనత్త గడప తొక్కలేదు. నాన్న మాత్రం, చెల్లెలు చెప్పింది నిజమని తేలాక ఇంకా బిగుసుకుపోయాడు. తప్పు ఒప్పుకోవడం మా ఇంటి మగవాళ్లకు రాదు.

నాకు బయటి సంబంధం చూసినప్పుడు, నాన్న పిలవకపోయినా వచ్చి, పెళ్లిచూపుల్లోనే పిల్లవాడిని రక్తపరీక్ష కాగితం అడిగింది మేనత్త. ఆయన భయపడి మర్నాడే రక్తం ఇచ్చాడు. ఆయనకు ఆ లోపం లేదు. ఆయన్నే చేసుకున్నాను.

మొన్న మధ్యాహ్నం మేనత్త పాడె లేచింది. నాన్న వస్తాడని ఎవరూ అనుకోలేదు. వచ్చి, ఎవరూ పిలవకుండానే భుజం పెట్టాడు. నా ఆరేళ్ల కూతురు తల మీద ఏమీ లేకుండా, కాలువగట్టు మీద అందరికంటే ముందు పరిగెడుతోంది.

"ఎండ గొడుతున్నది, పిల్లను నీడకు పిలువుండ్రి" అన్నారెవరో.

"ఉండనియ్యిండ్రి" అన్నాడు నాన్న, పాడె కింద నుంచి. "మా చెల్లె సూడనీ."

పిల్ల ఆగి వెనక్కి తిరిగింది. మొహం నిండా ఎండతో, తొందరగా రమ్మని మాకు చెయ్యూపింది.